నిశ్శబ్దం వస్తే కత్తెర వేసే క్యాసెట్ డబ్బా

క్యాసెట్లో ఉన్నదాన్ని నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎంపీ3గా ఎక్కించే డబ్బా ఇది. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతుంది. లోపలి సరుకు దాదాపు ఒకటే, పైన స్టిక్కరే వేరు. అందుకని నాది ఫలానా కంపెనీదని చెప్పినా ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను. అయినా ఇందులోని ఒక్క సౌకర్యం మీద నాకు కోపం పోలేదు. ఈ రాత ముఖ్యంగా దాని గురించే. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, డబ్బాలో ఏమేం ఇస్తారు వంటివి అమ్మేవాళ్లే రాసి పెట్టారు, చదువుకోండి.

ఆ సౌకర్యం పేరు ఆటో స్ప్లిట్. క్యాసెట్లో కాసేపు శబ్దం లేకపోతే పాట అయిపోయిందని అనుకుని ఆ ఫైలు మూసేస్తుంది. మళ్లీ శబ్దం రాగానే కొత్త ఫైలు తెరుస్తుంది. సినిమా పాటల క్యాసెట్ వేస్తే పన్నెండు పాటలకు పన్నెండు ఫైళ్లు చక్కగా వచ్చేస్తాయి. అమ్మ కోసం మొదట అలాంటివే ఎక్కించాను. వివిధభారతిలో వచ్చిన పాటలను ఎప్పుడో టేప్ చేసుకున్న క్యాసెట్లు అవి. ఏ పాట కావాలంటే ఆ పాట నొక్కుకుని వింటూ అమ్మ తెగ మురిసిపోయింది. సౌండు కూడా బాగానే ఉంది. ఆ వారంలో ఎవరైనా అడిగి ఉంటే కళ్లు మూసుకుని కొనుక్కోమని చెప్పేవాణ్ణి.

మా ఇంట్లో అసలు సొత్తు పాటలు కావు. మా ఊరు కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లోనే మొదలైంది. నాయన బడిపంతులు. టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఉన్న పెట్టె) కొన్నప్పటి నుంచి ఆయనకు రేడియోలో మాటలు టేప్ చేసుకోవడం ఒక పిచ్చి. విజయవాడ కేంద్రం నుంచి శ్రోతల ప్రశ్నలకు ఉషశ్రీ గారు జవాబు చెప్పే ధర్మసందేహాలు, పొద్దున్నే భక్తిరంజని, పుట్టపర్తి నారాయణాచార్యులు గారు పద్యం చదువుతుంటే పట్టుకున్న ఒక అరగంట, రాత్రిపూట నాటకాలు, మధ్యలో ఎందుకు రికార్డు చేశాడో తెలియని రైతుల కార్యక్రమం ఒకటి. అన్నీ సి-60లు, సి-90లు, అంటే గంట, గంటన్నర నడిచే క్యాసెట్లు. వాటి మీద నాయన చేతిరాత: 'నాటకం, రాత్రి', 'ఉషశ్రీ, సగం', 'చెరపవద్దు'. ఆ చివరిది మా కోసం రాసింది. చిన్నప్పుడు వాటి మీద మా గొంతులు రికార్డు చేసుకునేవాళ్లం.

'నాటకం, రాత్రి' అని ఉన్న క్యాసెట్ వేసి, పెన్‌డ్రైవ్ గుచ్చి, బటన్ నొక్కి నా పని నేను చూసుకున్నాను. అయిపోయాక చూస్తే ఒక్క నాటకం బోలెడన్ని చిన్న చిన్న ఫైళ్లయి కూర్చుంది. కొన్నిట్లో నాలుగైదు మాటలే. సరే, వరుసగా వింటే పోయేదేముందిలే అని స్పీకర్‌కు తగిలించి నాయన ముందు పెట్టాను.

కథ మా సీమలో ఎవరికైనా తెలిసిందే. వానల్లేవు, బోరు ఎండిపోయింది, అప్పు పెరిగింది. మొగుడు బయటికి పోయి చీకటి పడ్డాక ఇంటికొస్తాడు. తలుపు గొళ్లెం చప్పుడు, చెంబులో నీళ్లు పోసిన చప్పుడు. పెండ్లాం అడుగుతుంది, 'అయితే చేను అమ్మేసినట్టేనా?' అని. ఆ తర్వాత నా స్పీకర్లో వెంటనే ఆమె ఏడుపు మొదలైంది.

నాయన చెయ్యెత్తి ఆపమన్నాడు. 'ఆయప్ప ఊఁ అంటాడే, అదేది?'

వెనక్కి వెళ్లి మళ్లీ వేశాను. లేదు. ఒక ఫైలు ఆమె ప్రశ్నతో ముగిసింది, పక్క ఫైలు ఏడుపుతో మొదలైంది.

'ఆ ఊఁ యాడికి పాయె రా? చానాసేపు ఏమీ పలకడు. అప్పుడు ఊఁ అంటాడు. ఆ మాట కోసమే గదా ఈ నాటకం పెట్టుకున్యాది!'

క్యాసెట్‌ను అదే డబ్బాలో పెట్టి హెడ్‌ఫోన్స్‌తో విన్నాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆమె ప్రశ్న తర్వాత మూడు నాలుగు సెకన్ల పాటు ఏమీ లేదు. దూరంగా ఒక కీచురాయి, బహుశా స్టూడియోలో పెట్టిన ఎఫెక్ట్. ఆ తర్వాత గొంతు పూర్తిగా తెరవకుండా ఒక 'ఊఁ'. టేపు మీద భద్రంగా ఉంది. పెన్‌డ్రైవ్ మీద లేదు.

జరిగింది ఇదీ. నిశ్శబ్దం రాగానే డబ్బా ఫైలు మూసింది. కొత్త ఫైలు తెరవాలంటే మళ్లీ ఒక స్థాయి దాటిన శబ్దం రావాలి. వచ్చాక తెరవడానికి దానికి ఒక క్షణం పడుతుంది. గట్టిగా మొదలయ్యే సినిమా పాటలో ఆ క్షణం పోయినా మనకు తెలియదు. చిన్న గొంతుతో పలికిన ఒక్క అక్షరం మాత్రం మొత్తంగా పోతుంది. ఆ నాటకం అసలు వినని వాళ్లు నా ఫైళ్లు వింటే, మొగుడు జవాబే చెప్పలేదనుకుంటారు. కథే మారిపోయింది.

సెట్టింగ్స్‌లో ఆటో స్ప్లిట్ ఆపే దారి ఉంటుందేమోనని వెతికాను. నా మోడల్‌లో లేదు. అమ్మినవాళ్లకు రాస్తే 'ఇది ప్రత్యేక సౌకర్యం' అని మర్యాదగా జవాబిచ్చారు.

ఇక్కడే ఒక తమాషా. అన్ని క్యాసెట్లూ ఇలా ముక్కలు కాలేదు. విజయవాడ నుంచి పట్టినవి దాదాపు సాఫీగా వచ్చాయి. దూరం స్టేషన్ గనుక వాటిలో ఎప్పుడూ సన్నగా బుస్సుమనే శబ్దం, మధ్యమధ్యలో ఉరుముల చిటపటలు, పక్కింటి ట్యూబ్‌లైట్ గరగర. ఉషశ్రీ గారు ఎవరిదో ప్రశ్న చదివి, కాస్త ఆగి, చురక వేసేముందు కూడా ఆ గరగర ఉంటుంది కాబట్టి డబ్బాకు నిశ్శబ్దం దొరకలేదు, కత్తెర పడలేదు. మా కడప స్టేషన్‌వి మాత్రం ఊళ్లోదే గనుక అద్దంలా శుభ్రంగా రికార్డయ్యాయి. పాడయినవన్నీ అవే. బాగా పట్టిన టేపుకే శిక్ష అన్నమాట. పుట్టపర్తి వారి పద్యాలు కూడా ఈ కోవలోకే వచ్చాయి. పాదం ముగించి ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా దీనికి పాట అయిపోయినట్టే.

చివరికి చేసిన పని చాలా సులువు. పెన్‌డ్రైవ్ సంగతి పూర్తిగా వదిలేశాను. డబ్బా హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, అక్కడి నుంచి పాత ల్యాప్‌టాప్. అందులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. రికార్డు నొక్కితే ఒక వైపు మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది, 'ఊఁ'తో సహా. అంటే ఎంపీ3 చేస్తుందని కొన్న వస్తువును ఉత్త టేప్ ప్లేయర్‌గా వాడుతున్నాను. ఆ మాటకొస్తే పాత ప్లేయర్ ఒకటి బాగు చేయించుకున్నా సరిపోయేది. కానీ మా ఊళ్లో బెల్టు మార్చే మెకానిక్ కోసం తిరిగి తిరిగి చాలించుకున్నాను. తెలిసినాయన షాపులో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

వైరు పెట్టగానే జుమ్మ్ అని ఒక హమ్ వచ్చింది. డబ్బాకు కరెంటు కూడా అదే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఇవ్వడం దానికి కారణం. డబ్బాలో సెల్లులు వేసి నడిపితే హమ్ పోయింది. ఇంకొకటి, ల్యాప్‌టాప్‌కు ఉండే మైకు రంధ్రంలో నేరుగా గుచ్చకండి. అది మైకుకు తగ్గ బలహీనమైన సిగ్నల్ కోసం చేసింది, గొంతులు పగిలిపోతాయి.

ఈ డబ్బాలో నాకు నిజంగా నచ్చింది మాత్రం ప్రకటనలో ఎక్కడా రాయని ఒక చిన్న స్క్రూ. టేపు మీద ఆనే హెడ్ పక్కన ఉంటుంది. రికార్డు చేసిన మెషీన్‌లో హెడ్ ఏ కోణంలో ఉందో, వినే మెషీన్‌లోనూ అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా 'స', 'శ' లాంటివన్నీ మొద్దుబారి, గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. క్యాసెట్ తిరుగుతుండగానే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని అటు ఇటు అణువంత తిప్పుతూ హెడ్‌ఫోన్స్‌లో వినాలి. ఒక చోట హఠాత్తుగా మాట విచ్చుకుంటుంది. నాయన టూ-ఇన్-వన్ హెడ్ ఎటు వంగి ఉండేదో గానీ, అన్ని క్యాసెట్లకూ దాదాపు అదే చోటు కుదిరింది. ఒకటి రెండు మాత్రం వేరు. అవి మా చిన్నాయన దగ్గర అరువు తెచ్చుకున్న మెషీన్‌తో రికార్డు చేసినవని నాయన గుర్తుచేశాడు.

వేగం సంగతి కూడా చెప్పాలి. సెల్లులు అయిపోతుండగా రికార్డు చేసిన టేపు ఇప్పుడు సరైన వేగంతో తిరిగితే గొంతులు సన్నగా, హడావుడిగా వినిపిస్తాయి. ఎంత తేడా అన్నది చెవితో చెప్పడం కష్టం. నాకు సాయపడింది వార్తలకు ముందు పిప్, పిప్ అని వచ్చే టైమ్ సిగ్నల్. ఆ పిప్‌ల మధ్య సరిగ్గా ఒక్క సెకను ఉండాలి. ఆడాసిటీలో వాటిని పెద్దగా చేసి చూస్తే మధ్య దూరం 0.96 సెకన్లని కనిపించిందనుకోండి, టేపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. మొత్తం ఫైలు వేగాన్ని ఆ మేరకు తగ్గిస్తే మనిషి మనిషిలా మాట్లాడతాడు. వార్తలు తనకెందుకని తర్వాతి కార్యక్రమం కోసమే నాయన ముందుగా రికార్డు నొక్కి ఉంచిన క్యాసెట్లు ఇలా పనికొచ్చాయి. 'ఆకాశవాణి, కడప కేంద్రం. 333.3 మీటర్లు, అనగా 900 కిలోహెర్ట్‌జ్' అన్న ప్రకటన కూడా అలా దొరికిందే. దాన్ని కోసి పారేయకుండా ఉంచాను.

సౌండు బాగానే ఉందని పైన అన్నాను కదా, అది సినిమా పాటలు, మాటల వరకే. పద్యాలకు, నాటకాలకు సరిపోతుంది. భక్తిరంజనిలో తంబుర శ్రుతి, వీణ నిలిపిన స్వరం వచ్చినప్పుడు దీని అసలు రంగు బయటపడుతుంది, స్వరం సన్నగా ఊగుతుంది. చిన్న మోటారు, చిన్న చక్రం, ఇంతకంటే ఆశించలేం. సంగీతం క్యాసెట్లు పక్కన పెట్టాను. మంచి డెక్ ఉన్నవాళ్లు ఎవరైనా దొరికితే అప్పుడు చేయించాలి.

సాఫ్ట్‌వేర్‌తో బుస్సుమనే శబ్దాన్ని తగ్గించే నాయిస్ రిడక్షన్ విషయంలో చెయ్యి బిగబట్టుకోండి. కొంచెం ఎక్కువ చేస్తే ఉషశ్రీ గారి గంభీరమైన గొంతు కూడా బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. నేను ముందు ఏమీ చేయని ఫైలును వేవ్ రూపంలో దాచుకుంటాను, మోనోలో గంటకు 300 ఎంబీ పైచిలుకు అవుతుంది. వినడానికి కొద్దిగా శుభ్రం చేసిన ఎంపీ3 వేరే. అసలు ఫైలు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంది, ఒకటి మా దగ్గర, ఇంకొకటి బెంగళూరులో చెల్లెలి దగ్గర.

ఫైళ్లయ్యాయి కదా అని క్యాసెట్లు పారేయలేదు. ఇంతకుముందు అవి మిద్దె కింద అటక మీద ఉండేవి. మా కడప ఎండలకు అక్కడ పెట్టినదేదైనా ఉడుకుతుంది. వేడికి, ఏళ్లకు, టేపు ఒక చుట్టులోని శబ్దం పక్క చుట్టుకు లీలగా అంటుకుంటుంది. సి-90 టేపు పలచన గనుక దానికి మరీ ఎక్కువ. మాట మొదలయ్యే ముందు ఒకటి రెండు సెకన్ల కిందటే అదే మాట దూరంగా వినిపిస్తే కారణం ఇదే. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా తీయలేదు. ఇప్పుడు వాటిని లోపలి గదిలో, కింద బండల గూట్లో నిలబెట్టి ఉంచాను. వేసే ముందు లోపల నొక్కి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిందేమో చూసుకోండి, అది లేకపోతే ఎంత మంచి ప్లేయరైనా మూగదే.

కొనొచ్చా అంటే, మీ దగ్గర ఏమున్నాయన్నదాన్ని బట్టి. పాటల క్యాసెట్లే ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే చాలనుకుంటే ఇది బాగా పనిచేస్తుంది, ఆటో స్ప్లిట్ మీకు వరమే. మాటలు, నాటకాలు, హరికథలు, అవధానాలు ఉంటే మాత్రం పెన్‌డ్రైవ్ దారిలో వెళ్లకండి. ల్యాప్‌టాప్ ఉండి, ఒక క్యాసెట్‌కు గంటన్నర కూర్చునే ఓపిక ఉంటేనే తీసుకోండి. నాకు బడి సెలవులు కలిసొచ్చాయి, పక్కన కూర్చుని తప్పులు పట్టడానికి నాయన ఉన్నాడు. ఆ రెండూ లేకపోతే ఇదే డబ్బాకు నేను ఎన్ని మార్కులు వేసేవాణ్ణో చెప్పలేను. కొనేముందు అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఆటో స్ప్లిట్ ఆపుకోవచ్చా? సూటిగా అవునని చెప్పకుండా 'ప్రత్యేక సౌకర్యం' అని మొదలుపెడితే, వేరే మోడల్ చూసుకోండి.