కలరిమీటరా, స్పెక్ట్రోనా: ఫోటో ప్రింట్లకు ఏది మేలు?

ఒంగోలు గిత్త ఫోటో ప్రింటు తీసినవాళ్లకి ఈ తలనొప్పి బాగా తెలుసు. స్క్రీన్ మీద తెల్లగా మెరిసే ఒళ్లు కాగితం మీదకొచ్చేసరికి నీలం కొడుతుంది, మూపురం దగ్గరి బూడిద నీడలు ఆకుపచ్చకి తిరుగుతాయి. పట్టుచీర రంగు కాస్త మారితే ఎవరూ పట్టించుకోరు గానీ, తెలుపులో తేడా మాత్రం కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందరూ ప్రింటర్‌నే తిడతారు. నేనైతే ముందు మానిటర్‌నే అనుమానిస్తాను.

రంగుల్ని కొలిచి సరిచేసుకోవడానికి వాడే పరికరాలు రెండు రకాలు. కలరిమీటర్ అంటే స్పైడర్, క్యాలిబ్రైట్ డిస్‌ప్లే లాంటివి. ఫిల్టర్లతో స్క్రీన్ వెలుగును కొలుస్తాయి, అంతవరకే. స్పెక్ట్రోఫోటోమీటర్ సొంత లైటు వేసి కాగితం మీది రంగును కూడా చదువుతుంది కాబట్టి మీ ప్రింటరు, ఇంకు, పేపరు మూడింటికీ కలిపి ప్రొఫైల్ (రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) చేసుకోవచ్చు. ఐ1ప్రో, కలర్‌చెకర్ స్టూడియో ఈ రకమే, ధర మాత్రం బాగా ఎక్కువ. అలాగని అన్నిట్లో అదే గొప్పని కాదు. స్క్రీన్ మీది చిక్కటి నలుపుల్ని మంచి కలరిమీటరే మెరుగ్గా కొలుస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లా నల్లటి రాతిలో బంగారు చుక్కలు కనబడాల్సిన ఫోటోలు చేసేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

ఆల్బమ్‌లు నెల్లూరులోనో ఒంగోలులోనో ల్యాబ్‌కి ఇచ్చేవాళ్లకి కలరిమీటర్ చాలు. మానిటర్‌ని డి65 (పగటి వెలుగు లాంటి తెలుపు), గామా 2.2 (నలుపు, తెలుపుల మధ్య షేడ్ల వెలుగు తీరు), వెలుతురు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టండి. మానిటర్లు కొన్నప్పుడు చాలా వెలుగ్గా ఉంటాయి, ప్రింట్లు చీకటిగా వస్తున్నాయన్న గొడవలో సగం అక్కడిదే. ల్యాబ్‌వాళ్లు వేరే అడగకపోతే ఫైలు ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలోనే ఇవ్వండి.

ఇంట్లోనే ప్రింటు తీస్తూ కంపెనీ ఇంకు, హానెమ్యూలే, కాన్సన్ లాంటి పేపర్లు వాడితే కూడా నా ఓటు కలరిమీటర్‌కే. ప్రింటర్ మోడల్‌ని బట్టి ప్రొఫైళ్లు ఆ పేపర్ కంపెనీలే ఉచితంగా ఇస్తాయి. ఫోటోషాప్‌లో ప్రొఫైల్ పెట్టినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయడం మరవద్దు, రెండుచోట్లా సవరణ జరిగితే రంగులు పాడైపోతాయి.

కథ మారేది ట్యాంకు ప్రింటర్లో బయటి ఇంకు పోసి, బజార్లో దొరికే పేపరు వాడినప్పుడు. మనవైపు చాలా స్టూడియోల పద్ధతి ఇదే. ఆ జోడీకి ఎవరి రెడీమేడ్ ప్రొఫైలూ సరిపోదు, ఇక్కడ స్పెక్ట్రో కావాల్సిందే. రంగు గళ్ల చార్టు ప్రింటు తీసి, మన సముద్రపు గాలి తేమకి ఒక రోజు బాగా ఆరనిచ్చి అప్పుడు కొలవండి. ఇంకు బ్రాండు మారితే మళ్లీ మొదటి నుంచి చేయాలి, పేపరు మారినా అంతే. రోజూ పట్టుకునే మిషన్ కాదు గనక రెండు మూడు స్టూడియోలవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని. ప్రొఫైళ్లు తయారుచేసే ఆర్గిల్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, దానికి వేరే ఖర్చు లేదు.

ఏది కొన్నా ప్రింటుని ట్యూబ్‌లైటు కింద చూసి తీర్పు చెప్పకండి. ఆర్ట్ ప్రింట్లు అమ్మేవాళ్లయితే 5000 కెల్విన్ లైటు, అదీ రంగులు సరిగ్గా చూపించే రకం, టేబుల్ మీద ఒకటి పెట్టుకోండి.