ముసలితనం ఆపుతామన్న క్యాప్సూల్స్, నెల రోజులు వాడాక

నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్కన ఒక షాపులో మా నాయన కోసం ఈ యాంటీ ఏజింగ్ క్యాప్సూల్స్ రెండు డబ్బాలు కొన్నాను. డబ్బాకి 60, ధర 1,850 రూపాయలు. పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలా రకాలు అమ్ముతున్నారు. నాయనకి 72, కోవూరు దగ్గర మా పొలం ఇప్పటికీ ఆయనే చూసుకుంటాడు, ఈమధ్య మోకాళ్ళు పట్టేసి గట్టెక్కడానికి అవస్థ పడుతుంటే చూడలేక తెచ్చా.

రోజుకి రెండు చొప్పున ఒక డబ్బా అయిపోయింది, మోకాళ్ళ నొప్పి అట్లానే ఉంది. అది పోనీండి. "ఇది మొదలుపెడితే బీపీ బిళ్ళ కూడా అక్కర్లేదు పెద్దాయనా" అని షాపు కుర్రాడు అన్న మాట పట్టుకుని నాయన మాకు చెప్పకుండా బిళ్ళ మానేశాడు. తల తిరుగుతోందంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాం, పై రీడింగు 180. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

తర్వాత డబ్బాలో ఉన్న కాగితం చదివా. కొత్త తరానికి చోటివ్వడానికి ప్రకృతి మన ఒంట్లో ఒక గడియారం పెట్టిందట, ఈ మందు దాన్ని ఆపుతుందట. నేను డిగ్రీలో జువాలజీ చదివాను, ముందే చూసుంటే కొనేవాణ్ణి కాదు. ఇది 1880ల్లో జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మన్ అన్న మాట, తర్వాత నిలబడలేదు. అందరూ చోటిచ్చి తప్పుకునే చోట తప్పుకోకుండా ఇంకో నలుగురు పిల్లల్ని కన్నవాడి జన్యువులే పెరుగుతాయి కదా.

ముసలితనం ఎందుకొస్తుందో 1952లో బ్రిటన్ శాస్త్రవేత్త మెడవార్ చెప్పింది వేరు. అడవిలో చాలా జీవులు ముసలివి కాకముందే ఆకలికో, రోగానికో, ఇంకో జంతువు నోటికో పోతాయి, కాబట్టి పిల్లలు పుట్టేశాక బయటపడే లోపాన్ని ప్రకృతి ఎంపిక (బతికి పిల్లల్ని కన్నవాటి లక్షణాలే తరతరాలకీ మిగలడం) ఏరిపారేయలేకపోతుంది. నాట్లు వేసిన నెలలో కలుపు తీస్తాం గానీ కోతకొచ్చిన చేలో ఎవరు తీస్తారు? తల్లిదండ్రుల నుంచి వచ్చి మెదడుని దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బు ఎక్కువగా 30 దాటాకే బయటపడుతుంది, అప్పటికే ఆ జన్యువు పిల్లలకి చేరిపోయి ఉంటుంది. వయసులో మేలు చేసిన జన్యువే ముసలితనంలో కీడు చేయొచ్చని 1957లో అమెరికా శాస్త్రవేత్త విలియమ్స్ అన్నాడు. ఒంటికి దొరికే శక్తి కొంతే, అది పిల్లల్ని కనడానికీ ఒంటిని బాగుచేసుకోవడానికీ పంచుకోవాలని 1977లో ఇంకో శాస్త్రవేత్త కిర్క్‌వుడ్ చెప్పాడు.

నాకు బాగా నచ్చేది గబ్బిలం సంగతి. చుంచెలుకని బోనులో భద్రంగా పెంచినా రెండు మూడేళ్ళే. అంతకన్నా తేలికైన బ్రాంట్ గబ్బిలం ఒకటి సైబీరియాలో 41 ఏళ్ళు బతికింది. ఎగిరి తప్పించుకునే దానికి రేపు కూడా ఉండే అవకాశం ఎక్కువ, అందుకే ఒంటిని బాగుచేసుకునే పని దానికి గిట్టుబాటవుతుంది.

ఇన్ని లోపాలు ఇన్ని దారుల్లో పోగైతే ఒక్క క్యాప్సూల్ దేన్ని ఆపుతుంది? ఒక్క జన్యువు మారితే ఒక రకం నులిపురుగు ఆయుష్షు రెట్టింపైందని 1993లో అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ చూపించిన మాట నిజమే, కానీ అది మిల్లీమీటరు పొడవుండే పురుగు, మా నాయన కాదు.

5కి 1 స్టార్. అదైనా విప్పని డబ్బా వెనక్కి తీసుకుని డబ్బులిచ్చినందుకు. బీపీ బిళ్ళ మానమని పెద్దవాళ్ళకి చెప్పొద్దని ఆ కుర్రాడికి రెండుసార్లు చెప్పి వచ్చా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటివి వాడుతుంటే ఈ రోజే వాళ్ళ బిళ్ళల షీటు తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.