పొరుగు దేశం రాజకీయాలు: మన టీవీలో చూడటం మేలా, వాళ్ల పేపర్లో చదవడం మేలా?

2022 జులైలో శ్రీలంక అధ్యక్షుడు, 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ ప్రధాని, 2025 సెప్టెంబరులో నేపాల్ ప్రధాని. మూడేళ్ల పైచిలుకు కాలంలో మన పక్కనున్న మూడు దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చి పాలకుల్ని దించేశారు. ఆ మూడుసార్లూ మన దగ్గర ఏదో ఒక కామెంటు పెట్టనివాళ్లు తక్కువ. పెట్టడం తప్పు కాదు. అక్కడ జరిగేది మన సరిహద్దుకీ, వ్యాపారానికీ, సముద్రంలోకి వెళ్లే జాలర్లకీ తగులుతుంది. అయితే ఆ మాటకు ఆధారం ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నామన్నది ముఖ్యం. మన టీవీ చానళ్లు, వాటి క్లిప్పులు తిరిగే వాట్సాప్ గ్రూపులు ఒక దారి. రాయిటర్స్, ఏఎఫ్‌పీ, బీబీసీ లాంటి అంతర్జాతీయ వార్తాసంస్థలు ఇంకో దారి. ఆ దేశపు పత్రికల్నే నేరుగా చదవడం మూడోది. మూడూ చూస్తూ వచ్చినవాడిగా నా ఓటు మూడోదానికే. దానిలోనూ లోపాలున్నాయి, వాటినీ చెప్తాను.

టీవీకి ఉన్న బలం తక్కువేమీ కాదు. మన భాషలో, వెంటనే దొరుకుతుంది. ఢిల్లీ ఏమంటోంది, సరిహద్దు దగ్గర పరిస్థితి ఏంటి, అక్కడ చిక్కుకున్న మనవాళ్లని ఎలా తెస్తున్నారు అన్నవి ముందుగా తెలిసేది అక్కడే. చిక్కల్లా, ఏ దేశంలో ఏం జరిగినా స్టూడియోలో ఒకే ప్రశ్న అడుగుతారు: కొత్తగా వచ్చినవాడు మనవైపా, చైనావైపా?

2024 సెప్టెంబరులో శ్రీలంక అధ్యక్షుడిగా అనుర కుమార దిసనాయకె గెలిచినప్పుడు ఇదే జరిగింది. మార్క్సిస్టు, చైనాకు దగ్గర మనిషి అని తేల్చేశారు. 2019 ఎన్నికల్లో ఆయనకు వచ్చింది 3 శాతం ఓట్లు. ఐదేళ్లకు అదే మనిషికి 42 శాతం వచ్చాయి. ఈ మధ్యలో దేశం దివాలా తీసింది, పెట్రోలు కోసం జనం రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డారు, దీనికి కారకులెవరో తేల్చాలన్న కోపం పెరిగింది. ఓట్లు పడింది ఆ కోపానికి. అధ్యక్షుడయ్యాక ఆయన మొదటి విదేశీ పర్యటన 2024 డిసెంబరులో ఢిల్లీకే. చైనా కోణంలోనే చూసినవాళ్లకు ఈ రెండూ అర్థం కావు.

ఇదే శ్రీలంక గురించి 2022లో తెలుగు రాష్ట్రాల్లో ఇంకో మాట గట్టిగా వినిపించింది. ఉచిత పథకాలు ఇస్తూ పోతే మనమూ శ్రీలంక అవుతామని. అక్కడి పేపర్లు చదివితే కారణాలు వేరుగా కనిపిస్తాయి. 2019 చివర్లో అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స ప్రభుత్వం పన్నులు భారీగా తగ్గించింది, వ్యాట్ 15 శాతం నుంచి 8కి దిగింది. 2019 ఈస్టర్ నాటి బాంబు దాడులు, ఆ తర్వాత కోవిడ్, పర్యాటకుల రాకని ఆపేశాయి. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించారు, వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. విదేశీ అప్పులో పెద్ద వాటా చైనాది కూడా కాదు, అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది. 2022 ఏప్రిల్‌లో ఆ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. మన ఉచిత పథకాల మీద వాదన ఉంటే చేయండి, చేయాల్సిందే. కానీ పక్క దేశపు కష్టాన్ని మన ఇంటి గొడవకు రాయిలా వాడుకోవడం వల్ల ఆ దేశం గురించి ఏమీ తెలియలేదు, మన గొడవ తేలనూ లేదు.

వాట్సాప్ చేసిన నష్టం ఇంతకంటే పెద్దది. బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్లిన రోజుల్లో, అక్కడి హిందూ క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారంటూ ఒక ఫొటో మన దగ్గర విపరీతంగా తిరిగింది. కాలింది మష్రఫే మోర్తజా ఇల్లు. ఆయనా క్రికెటరే, మాజీ కెప్టెన్, హసీనా పార్టీ అవామీ లీగ్ ఎంపీ కూడా. ఆ కోపంతోనే ఆయన ఇంటి మీద పడ్డారు. అదే సమయంలో హిందువుల ఇళ్ల మీద, గుళ్ల మీద దాడులు నిజంగా జరిగాయి. ఒక అబద్ధపు ఫొటో తిరిగేసరికి, ఇదంతా భారత మీడియా ప్రచారమని కొట్టిపారేయడానికి అక్కడివాళ్లకు వీలు చిక్కింది. నిజంగా ఇల్లు కోల్పోయినవాళ్ల మాట కూడా అనుమానంలో పడింది. బాధితుల మీద ప్రేమతోనే ఫార్వర్డ్ చేసి ఉంటారు, కానీ నష్టపోయింది ఆ బాధితులే.

అంతర్జాతీయ ఏజెన్సీల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గొడవ రాజుకున్న మొదటి రెండు రోజులు వాటిని మించినవి లేవు. ఎంతమంది చనిపోయారు, ఎవరు రాజీనామా చేశారు అన్నది సరిచూసుకోవాలంటే అవే నమ్మకం. మంటలు ఆరాక వాళ్ల దృష్టి వేరే చోటికి పోతుంది.

ఆ తర్వాతి మామూలు రోజుల్ని రాసేది అక్కడి పత్రికలే. బంగ్లాదేశ్‌కి డైలీ స్టార్, ప్రథమ్ ఆలో ఇంగ్లిష్ ఎడిషన్. నేపాల్‌కి కాఠ్మాండూ పోస్ట్. శ్రీలంకకి డైలీ మిర్రర్, డైలీ ఎఫ్‌టీ. పాకిస్తాన్‌కి డాన్. బంగ్లాదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో 1971 స్వాతంత్ర్య యోధుల వారసులకు 30 శాతం కోటాని ఢాకా హైకోర్టు పునరుద్ధరించింది 2024 జూన్ 5న. అక్కడి పేపర్లు అప్పటినుంచే విద్యార్థుల నిరసనల్ని రాస్తున్నాయి. మన చానళ్లకు అది జులై మధ్యలో, శవాలు లేచాక కనిపించింది. కోటాని సుప్రీంకోర్టు జులై 21న బాగా తగ్గించింది కూడా. మరి హసీనా ఎందుకు పోవాల్సి వచ్చింది? దానికి ఇంకా వెనక్కి వెళ్లాలి. ఎన్నికల వేళ తటస్థ ఆపద్ధర్మ ప్రభుత్వం ఉండాలన్న నిబంధనని 1996లో రాజ్యాంగంలో పెట్టారు, 2011లో హసీనా ప్రభుత్వం తీసేసింది. 2014లో, 2024లో అప్పటి ప్రధాన ప్రతిపక్షం బీఎన్‌పీ ఎన్నికల్ని బహిష్కరించింది. ఓటుతో మార్చే దారి మూసుకుపోయిందన్న భావన పదేళ్లుగా పేరుకుంది. అక్కడి సంపాదకీయాలు చదివేవాళ్లకు ఆగస్టు 5న హసీనా వెళ్లిపోవడం అంత ఆశ్చర్యం కలిగించలేదు.

నేపాల్ సంగతీ అంతే. 26 సోషల్ మీడియా వేదికల్ని ఆపేసినందుకు కుర్రాళ్లు రెచ్చిపోయారని ఇక్కడ చెప్పుకున్నాం. కానీ దాని వెనక చాలా ఉంది. 2008లో రాచరికం పోయినప్పటినుంచి ఒక్క ప్రభుత్వమూ ఐదేళ్లు నిలవలేదు. 2015 నుంచి 2025 దాకా ఓలీ, ప్రచండ, దేవ్‌బా అనే ముగ్గురు పాత నాయకులే వంతులవారీగా ప్రధానులయ్యారు. 275 సీట్ల సభలో 110 దామాషా పద్ధతిలో, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి, నిండుతాయి కాబట్టి ఆ ఏళ్లలో ఒకే పార్టీకి మెజారిటీ రావడం కష్టమైంది, బేరసారాలు తప్పలేదు. పని కోసం యువత గల్ఫ్‌కీ మలేషియాకీ వెళ్తుంటే, నాయకుల పిల్లల విలాసాలు ఫోన్లో కనిపిస్తున్నాయి. ఇవన్నీ కాఠ్మాండూ పోస్ట్‌లో ఎప్పటినుంచో వస్తున్న కథనాలే.

ఇక లోపాలు. ఇంగ్లిష్ పత్రికలు రాజధానిలోని చదువుకున్నవాళ్ల చూపుతో రాస్తాయి. కొలంబో ఇంగ్లిష్ పేపర్ చదివి ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా తమిళుల మనసు తెలిసిందనుకోకూడదు. వీరకేసరి లాంటి తమిళ పత్రికని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టైనా చూడాలి. ఒత్తిళ్లూ ఉంటాయి, డాన్‌లో సైన్యం గురించి రాయని మాటల్ని పాఠకుడే పట్టుకోవాలి. పైగా 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత డాన్ న్యూస్ సహా 16 పాకిస్తానీ యూట్యూబ్ చానళ్లని మన ప్రభుత్వం బ్లాక్ చేసింది. అయినా వీటిమీద నాకు గౌరవం ఎక్కువ. 2025 సెప్టెంబరులో కాఠ్మాండూ పోస్ట్‌ని నడిపే కాంతిపుర్ సంస్థ ఆఫీసుకీ, డిసెంబరులో ప్రథమ్ ఆలో, డైలీ స్టార్ ఆఫీసులకీ మూకలు నిప్పుపెట్టాయి. అలాంటి చోట కూర్చుని రాసిన వార్తని పక్కన పెట్టి, స్టూడియో అరుపుల్ని నమ్మడం నావల్ల కాదు.

కామెంటు ఎప్పుడు పెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. మన మాటలు అక్కడివాళ్లు చదువుతారు. 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత మన చానళ్ల ధోరణికి విసిగి నేపాలీలు 'గో హోమ్ ఇండియన్ మీడియా' అంటూ ట్రెండ్ చేశారు. మన దేశం పంపిన సాయం నిజంగా పెద్దదే, ఆ కోపంలో దానికి రావాల్సిన పేరు రాలేదు. నేనైతే వెంటనే రాయాల్సివస్తే జరిగింది మాత్రం రాస్తాను. ఎందుకు జరిగిందన్నది ఆ దేశపు రెండు పత్రికలు, వీలైతే ఒకదానికొకటి పడనివి, చదివాకే.

నాలుగు దేశాల్నీ ఇలా చదవడం ఎవరికీ కుదరదు. ఒక్కటి ఎంచుకోమంటే నేపాల్‌తో మొదలుపెట్టమంటాను. హిందీ కాస్త వస్తే దేవనాగరిలో ఉండే నేపాలీ హెడ్డింగులు కూడా చాలావరకు అందుతాయి. రోజుకి ఒక సంపాదకీయం, వారానికి ఒక పెద్ద కథనం చాలు. ఆర్నెల్లకి పార్టీల పేర్లు, మనుషుల పాత తగాదాలు పట్టుబడతాయి.