జాగ్రత్త: చౌకగా దొరికే ఫుట్‌బాల్ మేనేజర్ అకౌంటు, దానితో అంటగట్టే "గెలుపు ట్యాక్టిక్"

2024 దసరా సెలవుల్లో హన్మకొండ చౌరస్తాకు దగ్గరలోని ఒక చిన్న కంప్యూటర్ దుకాణంలో 650 రూపాయలు పెట్టి ఫుట్‌బాల్ మేనేజర్ 2024 అనే కంప్యూటర్ ఆట కొన్నాను. అందులో 450 ఆటకు, మిగిలిన 200 ఏ జట్టుకు పెట్టినా గెలిపిస్తుందన్న ఒక ట్యాక్టిక్ ఫైలుకు, అంటే జట్టును ఎలా ఆడించాలో ముందే రాసి పెట్టిన వ్యూహానికి. ఫైలు సంగతి మూడో వారంలోనే తేలిపోయింది. రెండు నెలలు తిరగకముందే ఆట కూడా చేజారింది. దుకాణం పేరు రాయడం లేదు. ఇదే బేరం వాట్సాప్ స్టేటస్‌లలోనూ టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ కనిపిస్తోంది కాబట్టి, ఒక బోర్డును తప్పించుకుంటే చాలునని ఎవరూ అనుకోకూడదు.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఇందులో బంతిని మనం తన్నము. లండన్‌లోని స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ తయారుచేసి సెగా విడుదల చేసే ఈ ఆటలో మనం మేనేజరు కుర్చీలో కూర్చుని, ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో, ఎవరిని ఏ స్థానంలో ఏ బాధ్యతతో ఆడించాలో, అలిగినవాడిని ఎలా బుజ్జగించాలో నిర్ణయించి, మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గీత బయట నిలబడి చూస్తాము. ప్రతి ఆటగాడి వేగం, దమ్ము, పాస్ ఇచ్చే నేర్పు, కష్టపడే గుణం 1 నుంచి 20 వరకు అంకెల్లో కనిపిస్తాయి. నిలకడ, తరచూ గాయపడే స్వభావం వంటివి మాత్రం కనిపించవు, మ్యాచ్‌లు ఆడిస్తూ పసిగట్టవలసిందే. నాలాంటి ఉద్యోగికి రాత్రి భోజనం తర్వాత దొరికే గంట సమయంలో ఒక సీజన్ పూర్తి కావడానికి నెల పైనే పడుతుంది. అందుకే ఈ ఆట మధ్యలో పోతే డబ్బు కంటే ఆ రాత్రులే ఎక్కువ గుర్తుకొస్తాయి.

దుకాణానికి మా అన్న కొడుకూ నేనూ కలిసి వెళ్ళాము. వాడికి ఇంటర్ రెండో సంవత్సరం. ఆట పిచ్చి ముందు వాడిదే, తర్వాత నాకు అంటింది. "ఒరిజినలేనా తమ్మీ?" అని కౌంటర్లో ఉన్న కుర్రవాడిని అడిగాను. "ఒరిజినలే అన్నా, క్రాక్ చేసిన దొంగ కాపీ గాదు. అకౌంట్ ఇస్తా, లాగిన్ అయి డౌన్‌లోడ్ చేస్కోండ్రి, అటెన్క నెట్ బంద్ వెట్టి ఆడుండ్రి. లైఫ్‌టైం నడుస్తది" అన్నాడు. బిల్లు అడిగితే, "బిల్లెందుకన్నా, నేనీడనే ఉంటగదా" అని నవ్వాడు. యూపీఐలో డబ్బు పంపినప్పుడు తెర మీద దుకాణం పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు కనిపించింది. అప్పుడే ఆగవలసింది. ఆగలేదు, ఎందుకంటే అసలు ధర ఎంతో నాకు తెలుసు, 450 నాకు లాభంగా తోచింది. ఈ తప్పులో నా వాటా అది.

ఇంటికి వచ్చాక అతను పంపిన జిప్ ఫైలులో మూడు వస్తువులు ఉన్నాయి: ఎపిక్ గేమ్స్ స్టోర్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోని అకౌంటు ఈమెయిల్, పాస్‌వర్డ్ రాసిన నోట్‌ప్యాడ్ ఒకటి, ట్యాక్టిక్ ఫైలు ఒకటి, "నెట్ బ్లాకర్" అనే చిన్న ప్రోగ్రాం ఒకటి. ఆ ప్రోగ్రాం నడవాలంటే ముందు విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్‌ను ఆపేయాలని నోట్‌ప్యాడ్‌లోనే రాసి ఉంది. మా వాడు క్షణం ఆలోచించకుండా ఆపేశాడు. నా జీతం పడే అకౌంటు నెట్ బ్యాంకింగ్ కూడా అదే ల్యాప్‌టాప్‌లో ఉందన్న సంగతి నాకు మర్నాడు ఆఫీసులో గుర్తుకొచ్చింది. నష్టమేమీ జరగలేదు కానీ, ఆ సాయంత్రం వరకు నేను చేసిన పనిలో మనసు లేదు. ఏ ఆట కోసమైనా సరే, యాంటీవైరస్ ఆపమని చెప్పే ఫైలును మాత్రం తెరవకండి.

ఇక ట్యాక్టిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ 200 రూపాయల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. నేను హైదరాబాద్ ఎఫ్‌సీని ఎంచుకున్నాను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు మీద అభిమానం తప్ప ఇంకో కారణం లేదు. "గిది వెడితే సాలన్నా, మన హైదరాబాద్ గూడ బార్సిలోనా లెక్క ఆడతది" అని దుకాణం కుర్రవాడు హామీ ఇచ్చాడు. ఫైలు తెరిస్తే 4-2-3-1 అమరిక (వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, వారి ముందు ముగ్గురు, కొసన ఒకరు), బంతి పోగానే ప్రత్యర్థి మీద పడే గెగెన్‌ప్రెస్ శైలి, పూర్తి దాడి ధోరణి, రక్షణ గీత చాలా పైకి, ఆట వేగం చివరి మెట్టు వరకు, బంతి పోయిన మరుక్షణం పదిమందీ మీద పడి లాక్కోవాలన్న ఆదేశం.

మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచాము, దాంతో నమ్మకం కుదిరింది. మూడో మ్యాచ్ సొంత మైదానంలో. అరవయ్యో నిమిషానికి 2-0 ఆధిక్యంలో ఉన్నాము. అప్పటి నుంచి ఆటగాళ్ళ పేర్ల పక్కన వాళ్ళ అలసటను చూపించే గుండె గుర్తులు ఒక్కొక్కటీ ఆకుపచ్చ రంగు నుంచి పసుపుకు, పసుపు నుంచి నారింజకు మారడం మొదలైంది. రక్షణ మధ్యలో నిలబడే నా సెంటర్ బ్యాక్‌లలో ఒకరి వేగం 9, మరొకరిది 10. ఇద్దరినీ ఆ ఫైలు మధ్య గీత దాకా తెచ్చి నిలబెట్టింది. ప్రత్యర్థులు చేసిందల్లా వాళ్ళ తలల మీదుగా పొడవాటి బంతి వేయడమే. ఒకే రకమైన గోలు మూడు సార్లు పడింది, 2-3తో ఓడిపోయాము. మా వాడు ల్యాప్‌టాప్ మూసేసి లేచి వెళ్ళిపోయాడు.

తప్పు ఫైలులో లేదు, ఫైలును అమ్మిన మాటలో ఉంది. ట్యాక్టిక్ ఫైలులో అమరిక, పాత్రలు, ఆదేశాలు మాత్రమే ఉంటాయి. వాటిని మోసే ఆటగాళ్ళు అందులో ఉండరు. మీద పడి ఆడే పద్ధతికి పదిమందికీ దమ్మూ కష్టపడే గుణమూ కావాలి, వెనుక వదిలిన ఖాళీని పరిగెత్తి మూయగల వేగం సెంటర్ బ్యాక్‌లకు కావాలి, గోలు వదిలి ముందుకు రాగల కీపర్ కావాలి. సూపర్ లీగ్‌లో ఒకసారి మైదానంలో నలుగురు విదేశీ ఆటగాళ్ళకు మించి ఉండకూడదు. ఆ నలుగురిని ఎక్కడ వాడుకోవాలన్నదే మేనేజరుకు సగం పని, ఆ సంగతి యూరప్ పెద్ద క్లబ్బుల కోసం కట్టిన ఫైలుకు ఏం తెలుస్తుంది? పైగా కొత్త ట్యాక్టిక్ పెట్టిన రోజే జట్టు దానికి అలవాటు పడదు. అలవాటును చూపించే పట్టీలు నిండడానికి వారాల సాధన పడుతుంది. ఎడమ అంచున దాడి చేసే నా వింగర్‌ను ఆ ఫైలు కుడి వైపుకు పంపింది, అక్కడ అతను ఇమడలేదు, నెల తిరిగేసరికి నన్ను కలవాలని కబురు పంపాడు. ఒక ఆటగాడు అలిగితే అతనితో పాటు అతనితో తిరిగే ఆటగాళ్ళు కూడా ముఖం మాడ్చుకునే ఆట ఇది.

చివరికి ఫైలును పక్కన పెట్టి ఒక ఆదివారమంతా కూర్చుని నా జట్టును నేనే చదువుకున్నాను. ధోరణిని సమతూకానికి దించాను, రక్షణ గీతను మామూలు ఎత్తుకు తెచ్చాను, ప్రత్యర్థిని ఎదుర్కొనే చోటును మైదానం మధ్యకు జరిపాను, రక్షణలో రెండు అంచుల్లో ఆడే ఇద్దరు ఫుల్ బ్యాక్‌లలో ఒకరిని వెనకే ఉండమన్నాను, ఆధిక్యంలో ఉన్నప్పుడు వాడుకోవడానికి రెండో ట్యాక్టిక్ ఒకటి విడిగా పెట్టుకున్నాను, అరవయ్యో నిమిషం దాటగానే మార్పులు మొదలుపెట్టాను. తర్వాతి ఐదు మ్యాచ్‌లలో రెండు గెలిచి రెండు డ్రా చేసుకున్నాము. గొప్పేమీ కాదు, కానీ ఎందుకు గెలిచామో నాకు అర్థమైంది. ఇక్కడ మన హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తుకొస్తారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలితే, ఆ కోచ్ అతన్ని బయట కూర్చోబెట్టకుండా ముందు వరుసలో ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో మనం 2-1తో గెలిస్తే, అందులో ఒక గోలు జర్నైల్ సింగ్‌ది. చేతిలో ఉన్న మనిషిని చూసి తీసుకున్న నిర్ణయం అది, 200 రూపాయల ఫైలులో దొరికేది కాదు. తర్వాత మా వాడు వెతికితే అదే ఫైలు, అదే పేరుతో, దాన్ని తయారుచేసిన ఆటగాడు అందరికీ ఉచితంగా పెట్టినచోట దొరికింది.

ఇంతవరకు నేను సర్దుకుపోయాను. నెల దాటాక ఒక రాత్రి ఆటను తెరిచే ఎపిక్ ప్రోగ్రాం (లాంచర్) అప్‌డేట్ అయి మళ్ళీ లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ కొడితే, ధ్రువీకరణ కోడ్ ఈమెయిల్‌కు పంపామన్నది. ఆ ఈమెయిల్ దుకాణం కుర్రవాడి దగ్గర ఉంది. ఫోన్ చేస్తే, "కోడ్ ఇస్త గనీ, రీ-యాక్టివేషన్‌కు 150 అయితదన్నా" అన్నాడు. సగంలో ఉన్న సీజన్ మీద మమకారంతో అదీ పంపాను. అయితే ఈసారి అనుమానం వచ్చి, లోపలికి వెళ్ళగానే అకౌంటులో చెల్లింపుల చరిత్ర పేజీ తెరిచాను. ఫుట్‌బాల్ మేనేజర్ 2024, తేదీ 2024 సెప్టెంబరు, చెల్లించిన మొత్తం సున్నా.

జరిగింది ఇది. 2024 సెప్టెంబరులో ఎపిక్ గేమ్స్ స్టోర్ ఈ ఆటను ఒక వారం పాటు అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ వారంలో ఎవరు అకౌంటు తెరిచి నొక్కినా ఆట శాశ్వతంగా వారిది అయిపోయేది. దుకాణం వాళ్ళు అలా ఊరికే వచ్చిన ఆటను నెల తర్వాత నాకు 450కి అమ్మారు. నాకొక్కడికే అమ్మారా అంటే అదీ కాదు: నేను ఆడింది మహా అయితే 60 గంటలు, లైబ్రరీలో ఆడిన సమయం 400 గంటలు దాటి కనిపించింది. ఒకే గదిని నలుగురికి కిరాయికి ఇచ్చి నలుగురి దగ్గరా అడ్వాన్స్ తీసుకున్నట్టు ఉంది ఈ వ్యాపారం.

మరో రెండు వారాలకు పాస్‌వర్డే మారిపోయింది. "వేరేటోళ్ళు మార్చిర్రన్నా, నేనేం జెయ్యాలె" అన్నది అతని నుంచి వచ్చిన ఆఖరి సమాధానం. తర్వాత ఫోన్ ఎత్తలేదు. స్టోరుకు రాసి ప్రయోజనం ఉండదని నిబంధనలు చదివాక అర్థమైంది. ఎపిక్‌లోనైనా, అలాంటిదే మరో ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోనైనా అకౌంటును అమ్మడం నిషేధం, మొదట ఏ ఈమెయిల్‌తో తెరిచారో వారిదే అకౌంటు. కొన్నవాడికి రుజువు చూపించడానికి ఏమీ మిగలదు.

ఒక్క సంగతి మాత్రం కలిసివచ్చింది, ఇదే స్థితిలో ఉన్నవారికి పనికొస్తుంది. మన కెరీర్ సేవ్ ఫైలు అకౌంటులో కాకుండా మన కంప్యూటర్లోనే ఉంటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్లో స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, అందులో ఫుట్‌బాల్ మేనేజర్ 2024, అందులో గేమ్స్ అనే ఫోల్డరు తెరిస్తే కనిపిస్తుంది. క్లౌడ్‌లో దాచి ఉంటే మాత్రం అకౌంటుతో పాటే పోతుంది. నేను ఆ ఫైలును పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని, విండోస్ మొత్తం కొత్తగా వేయించి, బ్యాంకు పాస్‌వర్డులన్నీ మార్చి, ఆ తర్వాత నా సొంత ఈమెయిల్‌తో తెరిచిన అకౌంటులో పూర్తి ధర పెట్టి ఆట కొన్నాను. పాత సేవ్ ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. అలిగిన వింగర్ ఇంకా అలిగే ఉన్నాడు.

ఫిర్యాదు విషయానికి వస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అక్కడ అడిగినవి బిల్లు, వ్యాపార సంస్థ పూర్తి పేరు. నా దగ్గర రెండూ లేవు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, యూపీఐ లావాదేవీ సంఖ్య, చాటింగ్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా ఉంచుకోవాలి. ఎపిక్‌లోనూ స్టీమ్‌లోనూ మామూలుగా కొన్న ఆటను 14 రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. ట్యాక్టిక్ మీ ఆలోచనకు సరిపోతుందా లేదా అన్నది తేలకపోయినా, ఆట మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో ఆ రెండు గంటల్లో తేలిపోతుంది. ఎపిక్‌లో ఇప్పటికీ ప్రతి వారం ఏదో ఒక ఆట ఉచితంగా ఇస్తున్నారు, కాబట్టి ఆడినా ఆడకపోయినా మీ పిల్లలకు వారి సొంత అకౌంటు తెరిచి పెట్టండి.

ఇంతకాలం పోయిన 800 రూపాయల గురించి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్న నేను ఇప్పుడు రాయడానికి కారణం మొన్న కనిపించిన ఒక పోస్టరు. అదే దుకాణం అద్దాల తలుపు మీద "ఫుట్‌బాల్ మేనేజర్ 2025, ఫుల్ వర్షన్, 499 మాత్రమే" అని అంటించి ఉంది. ఫుట్‌బాల్ మేనేజర్ 2025 అనే ఆట ఈ ప్రపంచంలో లేదు. తయారీదారులే 2025 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేసినట్టు ప్రకటించారు. 2024 తర్వాత నేరుగా ఫుట్‌బాల్ మేనేజర్ 26 వచ్చింది, అది విడుదలైంది 2025 నవంబర్ 4న. కౌంటర్ దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు ఫోన్లు తీసి డబ్బు పంపబోతుంటే, బయటికి పిలిచి ఈ సంగతి చెప్పాను. ఒకడు నమ్మి ఆగాడు. రెండోవాడు "అన్నా, మా దోస్తు దగ్గర నడుస్తుంది గదా" అని లోపలికి వెళ్ళిపోయాడు.