తొమ్మిదేళ్లుగా మా తరగతి గోడ మీదున్న ప్రపంచ చరిత్ర పటం

2016 జూన్‌లో, బడులు తెరిచే వారం, విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పుస్తకాల షాపులో ఈ పటం కొన్నాను. అప్పట్లో 450 రూపాయలు. ఎనిమిది అడుగుల పొడుగు. ఎడమ చివర గ్రీకు శిల్పాలు, కుడి చివర 1991లో సోవియట్ యూనియన్ విడిపోవడం. పైన కళ, మధ్యన రాజకీయం, కింద పరిశ్రమ అని మూడు పట్టీలు. పొందూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. కొందామా వద్దా అని అడుగుతున్న తోటి మాస్టార్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది ఎడమ నుంచి కుడికి తేదీలు చదివించాను. బట్టీకి మరో సరుకు దొరికిందంతే. రెండో ఏడు చెక్క స్కేలును ఒక సంవత్సరం మీద నిలువుగా ఆనించి, మూడు పట్టీల్లో ఏం జరుగుతోందో చూడమన్నాను. పటం విలువ అప్పుడు తెలిసింది.

ముందు 1757. జూన్ 23, ప్లాసీ అని ఉంది. బొబ్బిలి లేదు. తాండ్ర పాపారాయుడి కథ విని పెరిగిన పిల్లలు ఊరుకుంటారా? "మన బొబ్బిలి నేదేటి మాస్టారూ?" అన్నారు. జనవరి 24 అని చీటీ రాసి అతికించాం. అతికించాక చూస్తే ఆ పక్కనే 1756 నుంచి 1763 దాకా ఏడేళ్ల యుద్ధం గీత. ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఐరోపాలో, ఉత్తర అమెరికాలో, మన దేశంలో కొట్టుకున్న కాలం. బొబ్బిలి మీద ఫిరంగులు పేల్చిన బుస్సీ ఫ్రెంచివాడే. అప్పుడు అతనితో నిలబడ్డ విజయనగరం, 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధానికొచ్చేసరికి ఇంగ్లీషువాళ్ల పక్కన ఉంది. ఇది చెప్పినప్పుడు తరగతంతా కాసేపు మాట్లాడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు మమ్మల్ని నిలబెట్టింది కింది పట్టీలో 1764, హార్‌గ్రీవ్స్ నూలు వడికే యంత్రం స్పిన్నింగ్ జెన్నీ. ఆ రోజు చదువుతుంటే ఒక పాప లేచి "మా మామ్మ నూలు వడుకుద్ది" అంది. మర్నాడు కాగితంలో చుట్టి వాలుగ చేప దవడ తెచ్చింది. వేలి కొసతో రాస్తే గరుగ్గా తగిలే సన్నటి పళ్లు. పత్తిని దాని మీద లాగి చూపించింది. నలుసూ చెత్తా ఆ పళ్లకే అంటుకుపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకి సాఫుగా వచ్చాయి. ఆ తర్వాతే ఏకులు, రాట్నం. మామ్మ రాట్నానికి కదురు ఒకటి. జెన్నీకి మొదట్లోనే ఎనిమిది. "ఎనిమిది మంది పని ఒక్కరే చేసేస్తే మిగిలిన ఏడుగురూ ఏటి తింటారు?" అని ఆ పాపే అడిగింది.

జవాబు పటంలోనే వెతికించాను. 1769లో ఆర్క్‌రైట్ నీటితో తిరిగే యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే నూలు యంత్రం, 1785లో మరమగ్గం. 1811 దగ్గర మధ్య పట్టీలో యంత్రాలు పగలగొట్టిన లడ్డైట్లు. 1768లోనే హార్‌గ్రీవ్స్ ఇంటి మీద పడి జెన్నీలు విరగ్గొట్టారన్నది పటంలో లేదు, నేనే చెప్పాను. 1793లో విట్నీ గింజ తీసే యంత్రం కనిపెట్టాక అమెరికా దక్షిణాన పత్తి తోటలు పెరిగాయి, తోటలతోబాటు బానిసలూ పెరిగారు. ఆ వారం పాఠ్యపుస్తకం తెరవలేదు.

కళ పట్టీ అంత గొప్పగా లేదు. పికాసో 1937లో వేసిన గెర్నికాను తపాలా బిళ్లంత వేశారు. అసలుది ఏడున్నర మీటర్ల పైన పొడుగు, మూడున్నర మీటర్ల ఎత్తు. బడి ఆవరణలో సుద్దతో ఆ కొలత గీసి పిల్లల్ని లోపల నిలబెట్టాను. స్పెయిన్‌లో ఆ గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డ నాలుగేళ్లకు, 1941 డిసెంబరు 23న, బర్మాలోని రంగం (రంగూన్) మీద పడ్డాయి. మరుసటి ఏప్రిల్ 6న విశాఖ మీద. మా తాత రంగం నుంచి కాళ్లరిగేలా నడిచొచ్చినవాళ్లలో ఒకడు. పటంలో రంగం పేరే లేదు.

ఒక తప్పు గట్టిగా చెప్పాలి. గ్రీకు శిల్పి పాలిక్లీటస్ చేసిన బల్లెం పట్టిన వీరుణ్ణి క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు పాలరాతి బొమ్మ అని వేశారు. అతను పోతపోసింది కంచు. అది పోయింది, మిగిలినవి రోమన్లు చెక్కుకున్న నకళ్లు. అచ్చు దగ్గర గూటెన్‌బర్గ్ ఒక్కడే ఉన్నాడు, 868 నాటికే చైనాలో చెక్క దిమ్మెలతో అచ్చయిన బౌద్ధ గ్రంథం వజ్రసూత్రం లేదు. ఆఫ్రికాకైతే వలస పాలన వచ్చేదాకా దాదాపు చోటే లేదు. పక్కన తెల్లకాగితాలు అతికించుకోకుండా ఇది తరగతిలో పనికిరాదు. మా పిల్లలు శాలిహుండం స్తూపాల బొమ్మ గీసి అశోకుడి దగ్గర పెట్టారు.

మన్నిక ఫరవాలేదు. నాలుగో వానాకాలానికి పైపొర అంచుల్లో లేచింది, వెడల్పాటి టేపు వేశాను. మడతపెట్టి ఇస్తారు. మడత సరిగ్గా 1453 మీద పడి కాన్‌స్టాంటినోపుల్ అక్షరాలు రాలిపోయాయి. కొనేవాళ్లు చుట్టగా చుట్టిమ్మని అడగండి. కొన్నాక పిల్లల చేతికందేంత కిందికి కట్టండి. మాది అలాగే కట్టాను. తొమ్మిదేళ్ల వేళ్లు తగిలి 1764 దగ్గర రంగు పోయి అడుగు కాగితం కనిపిస్తోంది.