టర్కీ కోడి గుడ్లు పొదిగించడానికి నాటుపెట్టా, ఇంక్యుబేటరా?

మా కోనసీమలో కరెంటు సంగతి తెలిసిందేగా, గాలివాన వస్తే రాత్రంతా ఉండదు, ఇంక్యుబేటరంటే కరెంటుతో గుడ్లు పొదిగే మిషనాయె, అందుకే ముందు నాటుపెట్టనే నమ్ముకున్నా. పొదుగుకొచ్చిన పెట్ట కింద ఓ ఆరు టర్కీ గుడ్లు సరిపోతాయి, అంతకంటే పెడితే అంచున ఉన్నవి చల్లబడిపోతాయి. వేడి, తేమ, గుడ్లు తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. చిక్కల్లా ఒకటే, కోడి గుడ్డుకి 21 రోజులైతే టర్కీకి 28, కొన్ని పెట్టలు మధ్యలోనే లేచిపోతాయి. పైగా కోళ్ళ నుంచి టర్కీ పిల్లలకి పేగుల్నీ కాలేయాన్నీ దెబ్బతీసే బ్లాక్‌హెడ్ రోగం అంటుకునే ప్రమాదం ఉంది, పిల్లలు రాగానే వేరు చేసెయ్యాలి.

ఇంక్యుబేటర్ అయితే ఒకేసారి ఎక్కువ పెట్టొచ్చు. ఫ్యాన్ ఉన్నదాంట్లో 37.5 డిగ్రీలు, తేమ 50-60 శాతం, 25వ రోజు నుంచి తిప్పడం ఆపేసి తేమ 70 దాకా పెంచాలి. అసలే తేమ నిండిన డెల్టా గాలి, వర్షాకాలంలో లోపల నీళ్ళ గిన్నె పెట్టకముందే తేమ మీటర్ చూడండి బాబూ. ఇన్వర్టర్ లేకపోతే మాత్రం వద్దు.

ఏ పద్ధతైనా పొదిగించే ముందు గుడ్లు దాచడంలో తేడా వస్తే రెండూ దండగే. కడగొద్దు, సన్న కొన కిందకి పెట్టి వారం లోపే పొదగెయ్యాలి. 13 నుంచి 18 డిగ్రీలు మంచిది, ఫ్రిజ్ మరీ చల్లన. ఎండాకాలంలో మాత్రం ఏసీ గదిలో పెట్టినా రెండు మూడు రోజులకి మించి ఉంచను.

నాకు ఐదారు పిల్లలు చాలు, పెట్టే నయం.