పాడిల్ షిఫ్టర్లు చూసి మాన్యువల్ వదులుకోకండి: కొనేముందు జాగ్రత్త

నడపడంలో మజా కోసం కారు కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. "స్టీరింగ్ వెనక పాడిల్స్ ఉన్నాయి సార్, మాన్యువల్‌లాగే ఉంటుంది" అన్న మాట నమ్మి ఆటోమేటిక్ వేరియంట్‌కి అదనంగా లక్షో, లక్షన్నరో పెట్టకండి. పాడిల్ అంటే గేరు మార్చమని వేలితో లాగే చిన్న మీట. అది ఒక స్విచ్, అంతే. మీరు లాగితే లోపలి కంప్యూటర్‌కి కబురు వెళ్తుంది. గేరు మార్చాలా వద్దా అన్నది దాని ఇష్టం.

టెస్ట్ డ్రైవ్‌లోనే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో గేరు లివర్ డీ (డ్రైవ్)లోనే ఉంచి ఎడమ పాడిల్ రెండు మూడుసార్లు లాగండి. రెడ్‌లైన్‌కి, అంటే ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం హద్దుకి, ఇంకా చాలా దూరముండగానే కింది గేరు ఇవ్వనంటే, ఇంజన్ కోసం కాదు, మీ మీద నమ్మకం లేక. ఒకవేళ గేరు పడినా, పాడిల్ ముట్టుకోకుండా కొన్ని సెకన్లు ఆగితే చాలా బండ్లు మళ్లీ తమ లెక్కలోకి పోతాయి. అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి దిగేటప్పుడు ఇది మరీ చెడ్డది. మలుపు కోసం మీరు వేసిన రెండో గేరు దానంతటదే మూడైపోతుంది, ఇంజనే బండిని నిదానించే ఇంజన్ బ్రేకింగ్ పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. లివర్ ఎమ్‌ (మాన్యువల్ మోడ్)లో పెడితే కొన్ని బండ్లు గేరు నిలుపుతాయి, కానీ యాక్సిలరేటర్ తొక్కి రెడ్‌లైన్ చేరితే అప్పుడు కూడా పై గేరు చాలావరకు అవే వేసుకుంటాయి.

సీవీటీ అనే రకం ఆటోమేటిక్ అయితే అసలు గేర్లే లేవు. రెండు పుల్లీలు, మధ్యలో ఒక స్టీల్ బెల్టు. బ్రోషర్‌లో రాసే ఏడు స్టెప్పులు సాఫ్ట్‌వేర్ సృష్టి. దానికి పాడిల్స్ తగిలించడం కొనేవాడిని మభ్యపెట్టడమే. 1989లో ఫెరారీ ఫార్ములా వన్ కారులో పాడిల్స్ వచ్చినప్పుడు వాటి వెనక ఉన్నది నిజం గేర్లున్న రేసు గేర్‌బాక్స్.

నిజంగా చురుగ్గా గేర్లు మార్చేది డీసీటీ, అంటే రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్. కానీ సెకండ్ హ్యాండ్‌లో డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీ కొనేవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి. కూకట్‌పల్లి, అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో బండి పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి జారుతూనే ఉంటుంది. చల్లబరచడానికి ఆయిల్ ఉండదు కాబట్టి వేడెక్కి అరుగుతుంది. చల్లని ఇంజన్‌తో చూసి మోసపోకండి. అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు 10–20 వేగంలో వణుకు వస్తుందేమో చూడండి. డాష్‌బోర్డులో హెచ్చరిక ల్యాంప్ వెలగకపోయినా గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ స్కాన్ చేయించండి. క్లచ్ ప్యాక్ మార్చాల్సి వస్తే బిల్లు లక్షకు అటూఇటూ ఉంటుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ మాన్యువల్ క్లచ్ సెట్ అందులో చిన్న వాటా, పైగా ఊళ్లో మంచి మెకానిక్ ఎవరైనా వేసేస్తాడు.

మాన్యువల్‌లో మజా ఎడమ కాలిలోనే ఉంది. క్లచ్ పట్టే చోటు పాదానికి తెలుస్తుంది, మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి ఆర్‌పీఎం కలిపితే బండి కుదుపు లేకుండా అందుకుంటుంది. అది పాడిల్ ఇవ్వదు.

పాత మాన్యువల్ కొంటుంటే నాలుగో గేరులో 40 వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే లేస్తే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. పెడల్ తొక్కినప్పుడే గరగర వస్తే క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్ పోయినట్టే. రెండో గేరులోకి దిగేటప్పుడు గీరుకుంటే గేర్ల వేగాలు కలిపే సింక్రో అరిగింది, గేర్‌బాక్స్ విప్పాల్సిందే. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. తగ్గించనంటే ఆ బండి వదిలేయండి.